పార్టీ వచ్చింది, ఫైల్ ఏది?

"పార్టీ రేపు పొద్దున వస్తారు సార్. ఫైల్ రెడీగా పెట్టండి."

బెంగళూరులో పాత ఫ్లాటు అమ్మకానికి పెట్టినవాళ్లకు బ్రోకర్ నోట ఈ మాట కొత్త కాదు. ఆ రాత్రి ఇంట్లో హడావుడి మొదలవుతుంది. గదులు సర్దుతారు, వంటింటి గట్టు తోముతారు, పిల్లలు గోడ మీద గీసిన గీతలు చెరిపేస్తారు. ఫైల్ మాత్రం బీరువాలో ఎక్కడుందో అక్కడే ఉండిపోతుంది. మార్కెట్ జోరుగా ఉన్నప్పుడు ఇది నడిచిపోతుంది. కొనేవారు రాని రోజుల్లో, వచ్చిన ఒక్క పార్టీ కూడా సోఫాలో కూర్చోగానే అడిగేది ఆ ఫైల్ గురించే.

మారతహళ్లి, కగ్గదాసపుర, రామమూర్తినగర్, ఎలక్ట్రానిక్ సిటీ. అనంతపురం, కడప, నెల్లూరు, గుంటూరు నుంచి ఉద్యోగాలకు వచ్చిన ఎన్నో కుటుంబాలు మొదటి ఇల్లు కొనుక్కున్న చోట్లివి. లిఫ్టు ఒకటి, కింద పార్కింగ్, పైన వాటర్ ట్యాంకు, ముప్పై నలభై ఇళ్లు. ఇప్పుడు వాటిలో కొన్ని అమ్మకానికి ఉన్నాయి. ఒకరు హైదరాబాద్ వెళ్లిపోతున్నారు, ఒకరికి పెద్ద ఇల్లు కావాలి, ఇంకొకరు అమెరికాలో స్థిరపడ్డారు. నగరంలో ధరలు పెరుగుతున్నాయని పేపర్లో వార్త వస్తుంది. ఆ వార్త ఎక్కువగా కొత్త ప్రాజెక్టుల గురించి. క్లబ్‌హౌస్, ఈతకొలను ఉన్న కొత్త టవర్ పక్కన పదిహేనేళ్ల ఫ్లాటుకు గిరాకీ వేరే లెక్క. ఊరంతా పరుగెత్తుతున్నా ఒక వీధి మార్కెట్ నెలల తరబడి కదలకపోవచ్చు.

జోరు మార్కెట్లో కొనేవారి భయం ఒకటే, ఇల్లు చేజారిపోతుందేమోనని. మందకొడి మార్కెట్లో ఆ భయం తిరగబడుతుంది, ఇరుక్కుపోతామేమోనని. ఇల్లు అమ్మడంలో పనితనమంతా ఆ రెండో భయాన్ని ముందే కనిపెట్టి తగ్గించడంలో ఉంది. బెంగళూరులో ఆ భయానికి కొన్ని ఖాయమైన పేర్లున్నాయి.

మొదటి పేరు ఖాతా. ఇది ఆస్తి పన్ను కోసం కార్పొరేషన్ పెట్టే నమోదు. యాజమాన్య హక్కు ఇచ్చే పత్రం కాకపోయినా, అది లేకుండా ఏ పనీ జరగదు. 2024 అక్టోబరు నుంచి నగర పరిధిలో ఇ-ఖాతా లేనిదే రిజిస్ట్రేషన్ లేదన్నారు. ఆధార్, పన్ను నంబరు, అమ్మకం పత్రం నంబరు, ఇంటి ఫొటో పెట్టి ఇ-ఖాతా తీసుకోవాలి. ఆ తొలి నెలల్లో ధర కుదిరిన బేరాలు కూడా ఇ-ఖాతా కోసం ఆగాయి, రిజిస్ట్రేషన్లు పడిపోయాయి. పేరులో ఒక అక్షరం తేడా, పన్ను రికార్డులో పాత యజమాని పేరు, కొలతల్లో తేడా వంటివి సరిచేయడానికి పట్టే కాలం అమ్మేవారి చేతుల్లో ఉండదు. 2025 సెప్టెంబరులో నగర కార్పొరేషన్ బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. ఏ పని ఏ ఆఫీసులో అన్న ప్రశ్న దానికి తోడైంది. అందుకే ప్రకటన ఇవ్వకముందే ఇ-ఖాతా చేతిలో ఉండాలి. కొనేవారు దొరికాక చూద్దామనుకుంటే, దొరికిన పార్టీ ఇంకో ఇల్లు చూసుకుంటుంది.

బి ఖాతా సంగతి ఇంకా బరువైనది. అనుమతి లేని లేఅవుట్లలోని స్థలాలు, ప్లాన్ లేని కట్టడాల నుంచి పన్ను వసూలు చేసేందుకు పెట్టిన రిజిస్టర్ అది. చాలా బ్యాంకులు దానిమీద అప్పివ్వవు. అప్పు దొరక్కపోతే కొనేవారి సంఖ్య ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. బి ఖాతా స్థలాలను ఎ ఖాతాకు మార్చే పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025లో తెచ్చింది. తమ ఆస్తికి అది వర్తిస్తుందో లేదో అమ్మకం ఆలోచన రాగానే తెలుసుకోవడం మేలు.

రెండో పేరు ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. మంజూరైన ప్లాన్ ప్రకారమే భవనం కట్టారని ఇచ్చే పత్రం. బిల్డర్ చుట్టూ వదలాల్సిన జాగా వదలకపోయినా, పైన ఒక అంతస్తు ఎక్కువ వేసినా అది రాదు. బెంగళూరు పాత అపార్టుమెంట్లలో ఓసీ లేనివి కొల్లలు. కొన్నవాళ్లు పన్ను కడుతూ, కరెంటు బిల్లు కడుతూ ఏళ్ల తరబడి ఉన్నారు గనక అదొక లోటని మర్చిపోయారు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఓసీ చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా అది చూసే అప్పివ్వాలని చెప్పింది. తర్వాతి ఏడాది కరెంటు సంస్థ బెస్కాం ఓసీ లేని భవనాలకు కొత్త కనెక్షన్లు ఆపడంతో మామూలు కొనుగోలుదారు కూడా ఈ పత్రం పేరు నేర్చుకున్నాడు.

ఓసీ లేదన్న సంగతి దాచి బేరం నడిపే అలవాటు మీద ఇక్కడ గట్టిగానే చెప్పాలి. అది తప్పు, పైగా లాభం కూడా లేదు. టోకెన్ అడ్వాన్స్ పుచ్చుకుంటారు, కొనేవారు బ్యాంకుకు వెళతారు, ప్యానెల్ లాయరు లీగల్ ఒపీనియన్‌లో ఆ లోటు పట్టుకుంటాడు, డబ్బు వెనక్కి ఇవ్వాలి. వారాలు పోతాయి. ఆ వీధిలో తిరిగే బ్రోకర్లందరికీ "ఆ ఫ్లాటు లీగల్‌లో ఆగిపోయింది" అని తెలిసిపోతుంది. మొదటి ఫోన్‌లోనే చెప్పేస్తే ఫోన్లు తగ్గుతాయి, నిజమే. కానీ ఆ తర్వాత ఇల్లు చూడడానికి వచ్చేవాళ్లు సంగతి తెలిసి వచ్చినవాళ్లు. ఆ ధరకు, ఆ లోటుతో కొనగలిగినవాళ్లు.

ఈసీలో, అంటే ఆస్తి మీద తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో కూడా ఒక చిక్కు తరచూ బయటపడుతుంది. హోమ్ లోన్ ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. సబ్‌రిజిస్ట్రార్ రికార్డులో తనఖా ఎంట్రీ మాత్రం అలాగే కనిపిస్తుంది, ఎందుకంటే రద్దు పత్రం రిజిస్టర్ చేయించలేదు. ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులోనే ఉండిపోతే దానికిప్పుడు ఒక ఆసరా ఉంది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో పత్రాలు తిరిగివ్వాలని, జాప్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. అది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది.

కాగితాల తర్వాత నీళ్లు. 2024 వేసవిని బెంగళూరు మర్చిపోలేదు. నగరంలోని 13,900 బోరుబావుల్లో 6,900 ఎండిపోయాయని ఉప ముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ అప్పట్లో చెప్పారు. తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయలు జరిమానా వేశారు. ఆ తర్వాత నుంచి వైట్‌ఫీల్డ్ వైపు ఫ్లాటు చూసేవారు బాల్కనీలోకి వెళ్లేముందే నీళ్లెక్కడివని అడుగుతున్నారు. 2024 అక్టోబరు 16న కావేరి ఐదో దశ మొదలైంది. రోజుకు 77.5 కోట్ల లీటర్లు, ముఖ్యంగా నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం. ఆ కనెక్షన్ తమ భవనానికి వచ్చిందా, వస్తే బిల్లు ఎంత, వేసవిలో ట్యాంకర్లు ఎన్ని తెప్పించారు అన్న లెక్కలు అసోసియేషన్ దగ్గర ఉంటాయి. ఒక ఏడాది బిల్లులు ఫైల్లో పెట్టినవారి మాటకు బలం వస్తుంది.

వాన గురించీ అంతే. 2022 సెప్టెంబరులో సర్జాపుర రోడ్డులోని రెయిన్‌బో డ్రైవ్ లేఅవుట్ నుంచి, ఖరీదైన విల్లాల నుంచి కూడా జనాన్ని ట్రాక్టర్ల మీద, పడవల మీద బయటికి తెచ్చారు. 2024 అక్టోబరులో యలహంకలోని కేంద్రీయ విహార్‌లో అదే దృశ్యం. ఈ బొమ్మలు కొనేవారి ఫోన్లలో ఇంకా ఉన్నాయి. ఆ వానల్లో బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చి ఉంటే, తర్వాత కాలువ బాగుచేశారా, పంపు పెట్టారా అన్నది చెప్పాలి. రాకపోతే అది దాచుకోవాల్సిన సంగతి అసలే కాదు.

ఇక ధర. అన్నిటికన్నా కష్టమైనది ఇదే. అమ్మేవారి మనసులో ఒక అంకె ఉంటుంది. అది కొన్న ధర కావచ్చు, వడ్డీతో కలిపి ఇప్పటిదాకా పెట్టిన ఖర్చు కావచ్చు, మూడేళ్ల కిందట పై అంతస్తువాళ్లకు వచ్చిన ధర కావచ్చు. మార్కెట్‌కు ఆ అంకెతో సంబంధం లేదు. 1990ల్లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్లాట్ల ధరలు పడిపోయినప్పుడు ఏం జరిగిందో డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2001లో ప్రచురించారు. నష్టానికి అమ్మాల్సిన యజమానులు, కొన్న ధరకూ రాగల ధరకూ మధ్య తేడాలో 25 నుంచి 35 శాతం మేర ఎక్కువ అడిగారు. అలా అడిగినందుకు చేతికి అదనంగా వచ్చింది ఆ తేడాలో 3 నుంచి 18 శాతమే. వాళ్ల ఇళ్లు అమ్ముడవడానికి మిగతావాటి కంటే ఎక్కువ కాలం పట్టింది. పెట్టుబడికి కొన్నవారికంటే ఇంట్లో కాపురం ఉన్నవారిలో ఈ పట్టుదల రెండింతలు కనిపించింది.

కాపురం ఉన్నవారి బాధ అర్థం చేసుకోదగ్గదే. మాడ్యులర్ కిచెన్‌కు పెట్టిన డబ్బు, పూజగదికి చేయించిన టేకు తలుపు, అన్నీ వాళ్లకు ధరలో భాగాలే. కొనేవారికి కావు. పాత ఫ్లాటులో నిలిచే విలువ భూమిలో అవిభాజ్య వాటా, కట్టడం ఏటేటా పాతబడుతుంది. కాబట్టి ధర కట్టేటప్పుడు అదే భవనంలోనో పక్క భవనంలోనో గత కొద్ది నెలల్లో నిజంగా రిజిస్టరైన అమ్మకాలు వెతకాలి. వెబ్‌సైట్లలో అడుగుతున్న ధరలు చూస్తే, తమలాగే అమ్ముడుపోక కూర్చున్నవారి ఆశలు కనిపిస్తాయి, అంతే.

కొనేవారి చేతిలో ఉన్న మొత్తం డబ్బు ఎంతో కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2025 ఆగస్టు 31 నుంచి కర్ణాటక రిజిస్ట్రేషన్ ఫీజును ఒక శాతం నుంచి 2 శాతానికి పెంచింది. స్టాంపు డ్యూటీ, సెస్సు, సర్‌చార్జి కలిపితే 45 లక్షలు దాటిన ఆస్తికి నగరంలో మొత్తం 7.6 శాతం. కోటి రూపాయల ఫ్లాటుకు 6,60,000 ఉన్న ఖర్చు 7,60,000 అయింది. ఆ లక్ష కొనేవారి జేబులోంచి పోతుంది కాబట్టి బేరంలో అది అమ్మేవారి మీదికే వస్తుంది. దీనికి ఎదురుగా పాత ఇంటికి ఒక వెసులుబాటు ఉంది. కట్టడం నడుస్తున్న మామూలు ఫ్లాటుకు 5 శాతం జీఎస్టీ ఉంటుంది, రీసేల్‌కు ఉండదు. కోటి మీద 5 లక్షలు. కొత్త ప్రాజెక్టుతో పోల్చుకుంటున్న దంపతులకు ఈ సంగతి కాగితం మీద వేసి చూపించే అమ్మకందారులు తక్కువ.

బ్రోకర్ గురించి ఒక మాట. మంచి బ్రోకర్ వీధిని చదివినవాడు, అతని కమిషన్ అతని కష్టార్జితం. అయినా అతని లెక్క, యజమాని లెక్క ఒకటి కావు. ధరలో 5 లక్షలు తగ్గిస్తే, ఒక శాతం కమిషన్ మీద అతను పోగొట్టుకునేది 5,000. షికాగో చుట్టుపక్కల దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలను స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ పరిశీలించారు. ఏజెంట్లు తమ సొంత ఇల్లు అమ్ముకున్నప్పుడు ఇతరుల ఇళ్లకంటే సుమారు 3.7 శాతం ఎక్కువ ధరకు, 9 రోజులు పైబడి ఎక్కువ ఆగి అమ్ముకున్నారు. "ఇచ్చేయండి సార్, మళ్లీ ఇలాంటి పార్టీ రాదు" అన్న సలహా విన్నప్పుడు ఈ అంకె గుర్తుంటే చాలు.

క్యాలెండర్ కూడా చూడాలి. తెలుగువారైనా కన్నడిగులైనా ఆషాఢంలో, మహాలయ పక్షాల్లో టోకెన్ ఇవ్వడానికి ఇష్టపడరు. ఉగాది నుంచి జూన్‌లో బడులు తెరిచేదాకా కుటుంబాల కదలిక ఎక్కువ. శ్రావణం, దసరా మళ్లీ అనుకూలం. ఆషాఢంలో ప్రకటన వేసి ఫోన్లు రాలేదని ధర తగ్గించడం తొందరపాటు. ఆ నెల రోజులు ఇ-ఖాతాకు, ఈసీకి, లీకేజీలకు వాడుకోవచ్చు.

మందకొడి మార్కెట్లో సగం నగదుగా ఇస్తామనే పార్టీలు ఎదురవుతాయి. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకుమించి నగదు పుచ్చుకోవడం చట్టవిరుద్ధం, జరిమానా పుచ్చుకున్న మొత్తమంత ఉంటుంది. ఎంత అవసరంలో ఉన్నా దీనికి ఒప్పుకోకూడదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి అమ్మేవారికి ఇంకో అడ్డంకి ఉంది. దేశంలో ఉండే యజమాని దగ్గర కొంటే 50 లక్షలు, ఆపైన ధరకు కొనేవారు పట్టుకోవాల్సిన పన్ను ఒక శాతం. ఎన్‌ఆర్‌ఐ దగ్గర కొంటే అది 12.5 శాతం, ఆపై సర్‌చార్జి, సెస్సు. తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే, లాభం కొంచెమే ఉన్నా మొత్తం ధర మీద అంత సొమ్ము రిఫండ్ దాకా ఆగిపోతుంది. ఈ చిక్కు విని వెనక్కి తగ్గే కొనుగోలుదారులు ఉంటారు. సర్టిఫికెట్ పని ముందే మొదలుపెట్టిన ఎన్‌ఆర్‌ఐకి వాళ్లు మిగులుతారు.

డబ్బు వచ్చాక లాభం మీద పన్ను ఉంటుంది. రెండేళ్లకు మించి ఉంచుకున్న ఇంటికి, 2024 జులై 23 తర్వాత అమ్మితే, ద్రవ్యోల్బణ సర్దుబాటు లేకుండా 12.5 శాతం. ఆ తేదీకి ముందు కొని ఉంటే, దేశంలో నివసించే వ్యక్తులు సర్దుబాటుతో 20 శాతం లెక్క కట్టి, ఏది తక్కువైతే అది చెల్లించవచ్చు. లాభాన్ని రెండేళ్లలో మరో ఇంటి మీద పెడితే పన్ను మినహాయింపు ఉంది. రిటర్న్ గడువులోపు ఇల్లు దొరక్కపోతే ఆ సొమ్మును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. అమ్మిన వీధి మందకొడిగా ఉందంటే, ఆ చుట్టుపక్కల కొనేవారికి తొందర లేదని అర్థం. ఇల్లు అమ్ముకుని అక్కడే కాస్త పెద్దది వెతుక్కునే కుటుంబానికి ఆ రెండేళ్లు బేరమాడేందుకు చాలినంత సమయం.