కె.వి.రెడ్డి స్టాప్‌వాచీ, మన ఒకటిన్నర స్పీడు

‘మాయాబజార్’ (1957) నిడివి దాదాపు 184 నిమిషాలు. రెండు గంటల్లో చూసెయ్యాలంటే ఎంత స్పీడులో పెట్టాలి? అసలు నిడివిని కావలసిన నిడివితో భాగించాలి. 184ని 120తో భాగిస్తే 1.53. లెక్క ఇంతే. చాలామంది పొరబడే చోటు ఒకటుంది: ఒకటిన్నర స్పీడులో సగం టైము మిగలదు, మూడో వంతే మిగులుతుంది. మూడు గంటల సినిమాని 1.5లో పెడితే గంట ఆదా. అక్కణ్ణుంచి 2కి పోతే ఇంకో అరగంటే.

ఆఫీసు ట్రైనింగు వీడియోలు నేనూ 1.75లోనే చూస్తాను. వాటి నిడివి గురించి ఎవరూ బుర్ర పెట్టి ఉండరు. కె.వి.రెడ్డి సంగతి వేరు. మా తుగ్గలికి మరీ దూరం కాని తాడిపత్రిలో పుట్టినాయన. షూటింగుకి ముందే రిహార్సల్సు చేయించి, పాటలతో సహా ఒక్కో సీనుకి ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచీతో కొలిచి సినిమా నిడివి తేల్చుకున్నాడంటారు. ఏ సీను ఎంతసేపు నిలవాలన్నది ముందు, మొత్తం తర్వాత. మనది తలకిందుల లెక్క. మొత్తం ముందే ఖాయం చేసుకుని, దాన్ని ప్రతి సీను మీదా ఒకేలా రుద్దుతాం.

పెళ్ళి సీనే చూడండి. మాయా శశిరేఖ, అంటే లోపలున్న ఘటోత్కచుడు, రేలంగి కాలు తొక్కుతుంది. అతను కేక పెట్టేసరికి సావిత్రి ముఖం ఏమీ ఎరగని పెళ్ళికూతురిది. ఆ మార్పుకి పట్టే రెప్పపాటు కోసమే నేనా సీను మళ్ళీమళ్ళీ చూస్తాను. 1.53లో తొక్కడం కనిపిస్తుంది, కేక వినిపిస్తుంది, ముఖం మారడం మాత్రం జారిపోతుంది. కథ తెలుస్తుంది, నిజమే. అది మనకి ముందే తెలుసు కదా!

ఇప్పటి ప్లేయర్లు శబ్దాన్ని సన్నటి ముక్కలు చేసి, ఒకదానిమీదొకటి కొంచెం కప్పి కుదిస్తాయి. గొంతు కీచుమనదు. శ్రుతి చెడలేదు కాబట్టి ఏమీ పోలేదనుకుంటాం. ‘లాహిరి లాహిరి’ అలా పెట్టి చూడండి, పడవ మోటారు బోటవుతుంది. ఊరికెళ్ళినప్పుడు పెట్టి చూపిస్తే మా మామ, “ఏంరా, బండేమన్నా తప్పిపోతాందా?” అన్నాడు.

2019లో నెట్‌ఫ్లిక్స్ ఈ సౌకర్యాన్ని పరీక్షిస్తే జడ్ ఆపటో లాంటి దర్శకులు మండిపడ్డారు. మరుసటేడు అది వచ్చేసింది. రావడమే మంచిది. చూపులేనివాళ్ళు వేగంగా వినడానికీ, వినికిడి లేనివాళ్ళు సబ్‌టైటిల్స్ నిదానంగా చదువుకోడానికీ పనికొస్తుంది. నా పేచీ రివ్యూలు రాసేవాళ్ళతో. ‘సెకండాఫ్ సాగదీశారు’ అని రాసేటప్పుడు, ఏ స్పీడులో చూశారో కూడా ఒక ముక్క రాయండి.