గవర్నమెంట్ అంటే ఎవరు?

వార్తలు రాసేవాళ్లకు గవర్నమెంట్ అనేది రోజూ చేతికొచ్చే మాట. ఇంగ్లిష్‌లో ఆ ఒక్క మాటకే రెండు అర్థాలున్నాయి. ఒకటి దేశాన్ని నడిపే శాశ్వత వ్యవస్థ, రెండోది ఎన్నికల్లో గెలిచి కొన్నాళ్లు ఆ వ్యవస్థను నడిపే మనుషులు. అమెరికాలో గవర్నమెంట్ అంటే అధ్యక్షుడితో పాటు కాంగ్రెస్, కోర్టులూ అందులోకే వస్తాయి. అధ్యక్షుడి యంత్రాంగాన్ని మాత్రమే చెప్పాలంటే అడ్మినిస్ట్రేషన్ అంటారు. బ్రిటన్‌లో మాత్రం ఆ మాటకు సాధారణంగా ప్రధాని, మంత్రులు అనే అర్థం. అక్కడ చాలామంది ‘ది గవర్నమెంట్ ఆర్’ అని బహువచనంలో అంటారు, అమెరికావాళ్లు ‘ఈజ్’ అంటారు. ఈ రెండర్థాలనూ కలిపేస్తే నష్టపోయేది పౌరుడే.

బ్రిటన్‌లో నడిచిన ఒక కేసు చూడండి. 1982 మే 2న, ఫాక్‌లాండ్స్ యుద్ధంలో, బ్రిటిష్ జలాంతర్గామి అర్జెంటీనా యుద్ధనౌక జనరల్ బెల్‌గ్రానోను ముంచేసింది. దాని గురించి మంత్రులు పార్లమెంటుకు నిజం చెప్పడం లేదని రక్షణ శాఖ అధికారి క్లైవ్ పాంటింగ్ భావించారు. సంబంధిత పత్రాలను 1984లో లేబర్ ఎంపీ టామ్ డాలియెల్‌కు పంపారు. అధికార రహస్యాల చట్టం కింద ఆయనపై కేసు పెట్టారు. రాజ్య ప్రయోజనం కోసమే పంపానని ఆయన వాదించారు. రాజ్య ప్రయోజనమంటే అధికారంలో ఉన్న గవర్నమెంట్ విధానమేనని జడ్జి జ్యూరీకి చెప్పారు. అయినా 1985 ఫిబ్రవరిలో జ్యూరీ పాంటింగ్‌ను నిర్దోషిగా తేల్చింది. మన సుప్రీంకోర్టు ఈ తేడాను అంతకు ముందే గుర్తించింది. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో, చట్టబద్ధంగా ఏర్పడిన ప్రభుత్వం వేరు, ప్రస్తుతానికి పాలన నడిపే వ్యక్తులు వేరు అని స్పష్టం చేసింది. హింసకు, అశాంతికి పురిగొల్పనంత వరకు, ప్రభుత్వ చర్యలను ఎంత ఘాటుగా విమర్శించినా అది రాజద్రోహం కాదంది.

గవర్నమెంట్ అంటే ఎవరో సందర్భాన్ని బట్టి పాఠకుడికి అర్థమవుతుంది కదా, అనవచ్చు. చట్టం ముందు పెట్టుకున్న పాంటింగ్ కేసు జడ్జే రాజ్యం, గవర్నమెంట్ రెండూ ఒకటేనన్నప్పుడు, హెడ్డింగ్ చదివి పేజీ తిప్పే పాఠకుడి మీద ఆ భారం వేయడం న్యాయం కాదు. ఇంకో అభ్యంతరం బలమైనదే: రాజ్యం తనంతట తాను ఏమీ చేయలేదు, ఏం చేసినా మంత్రుల ద్వారానే చేస్తుంది, కాబట్టి ఈ విభజన కాగితం మీదే ఉంటుందని. కానీ 1945 జూలైలో మిత్రరాజ్యాల అధినేతల పోట్స్‌డామ్ సమావేశం మధ్యలో బ్రిటన్ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. ఓడిన ప్రధాని చర్చిల్ వెళ్లిపోయారు, కొత్త ప్రధాని హోదాలో అట్లీ అదే బల్ల దగ్గర కూర్చున్నారు. మంత్రివర్గం మారింది, బ్రిటన్ తరఫు చర్చలు కొనసాగాయి. మారినదీ మిగిలినదీ ఒకటే అయితే ఇది జరిగేది కాదు.

కాబట్టి కలం పట్టినవాళ్లకు నా విన్నపం ఒకటే. నిర్ణయం మంత్రివర్గానిదైతే మంత్రివర్గమనే రాయండి, శాఖదైతే ఆ శాఖ పేరు రాయండి. విమర్శ మంత్రుల మీదైతే దాన్ని దేశం మీద విమర్శగా మార్చకండి. ఎవరిని ప్రశ్నించాలో తెలిస్తేనే పౌరుడు ప్రశ్నించగలడు.