అద్దం వెనక చిన్న అద్దం

నికాన్ డి90 నుంచి లెన్స్ తీసి, బాడీని కిటికీ వైపు తిప్పి లోపలికి చూడండి. ఏటవాలుగా నిలబడ్డ అద్దం కనిపిస్తుంది. మనింట్లో అద్దానికి పూత వెనకవైపు ఉంటుంది, దీనికి ముందువైపే. అందుకే దాన్ని వేలితో తాకకూడదు, గుడ్డతో తుడవకూడదు. నడిమి భాగంలో ఆ పూత కాస్త పలచన. కొంత వెలుతురు అక్కడి నుంచి వెనక్కి జారుకుంటుంది. అక్కడ గోరంత ఇంకో అద్దం ఉంటుంది. అది ఆ వెలుతురుని పట్టి, పెట్టె అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్ల మీదికి దించుతుంది. పెద్ద అద్దం పైకి పంపిన వెలుతురు గాజు తెర మీద బొమ్మ కట్టి, పెంటాప్రిజంలో తిరిగి మన కంటికి చేరుతుంది.

ఈ పనితనానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు. లెన్స్ కూర్చునే లోహపు రింగు నుంచి సెన్సర్ దాకా దూరం 46.5 మిల్లీమీటర్లు. పై తెరకి వెళ్లే దారీ, అడుగు సెన్సర్లకి వెళ్లే దారీ కూడా అదే లెక్కకి కుదరాలి. ఎక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా కంటికి తేటగా కనిపించిన ముఖం ఫొటోలో మసకబారుతుంది. పోనీ ఇవి కదలకుండా ఉండేవా అంటే, అదీ లేదు. బటన్ నొక్కిన ప్రతిసారీ రెండద్దాలూ మడుచుకుని పైకి లేవాలి, లెన్స్ రెక్కలు దగ్గరపడాలి, షట్టర్ తెరలు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తాలి. ఆ వెంటనే అద్దాలు దిగి, అదురు లేకుండా, అదే కోణంలో కూర్చోవాలి. డి90 ఈ పని సెకనుకి నాలుగున్నర సార్లు చేస్తుంది. దాని షట్టర్‌ని లక్షసార్లు నడిపి పరీక్షించారు.

2008లో వచ్చిన బాడీ అది. ఇప్పటికీ పగటివేళ ఏ లోటూ లేదు. నాకు మార్చాలన్న ఆలోచన వచ్చింది మా పిన్ని కూతురి పెళ్లిలో. అర్ధరాత్రి దాటాక ముహూర్తం. అడ్డుతెర తీసిన క్షణాన పెళ్లికూతురు తలెత్తింది. ఫ్లాష్ వేస్తే ఆ దీపాల వెలుగంతా పోతుంది. ఐఎస్ఓ 3200కి పెంచాను. పట్టుచీర ఎరుపులో చుక్కచుక్కలుగా నాయిస్ వచ్చింది.

అప్పుడు బాడీ కొనలేదు. ముందు 50 ఎంఎం ఎఫ్/1.8డి లెన్స్ కొన్నాను. బరువు 155 గ్రాములు. జూమ్ చివర ఎఫ్/5.6 దగ్గర ఆగిపోయే కిట్ లెన్స్ కన్నా ఇది తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికి తెస్తుంది. ఆ ఒక్క లెన్స్‌తో చాలా పెళ్లిళ్లు గడిచాయి. కెమెరా మార్చాలనుకునే చాలామందికి నిజానికి కావాల్సింది ఇలాంటి లెన్సే అని నా గట్టి అభిప్రాయం.

లెన్స్ పూర్తిగా తెరిచాక కూడా వెలుతురు చాలకపోతేనో, చీకట్లో ఫోకస్ తడబడుతుంటేనో, ఒక మెమరీ కార్డు పాడైతే ఎలా అన్న భయం పట్టుకుంటేనో అప్పుడిక బాడీ మార్చాల్సిందే. నేను 2014 నాటి ఫుల్ ఫ్రేమ్ బాడీ డి750ని ఎంచుకున్నాను. దాని సెన్సర్ వైశాల్యం డి90 సెన్సర్‌కి రెండింతలకు పైగా ఉంటుంది. కార్డులు రెండు పడతాయి. అసలు కారణం మాత్రం మౌంట్ అంచున ఉన్న స్క్రూడ్రైవర్ మొనలాంటి చిన్న ముక్క. నా 50లో మోటారు లేదు. బాడీలోని మోటారు ఈ మొనని తిప్పితేనే లెన్స్ ఫోకస్ అవుతుంది. డి3000, డి5000 వరస బాడీల్లో ఆ మొన ఉండదు. మిర్రర్‌లెస్ జెడ్ బాడీలకి పెట్టే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ ఉండదు. వాటి మీద నా లెన్స్‌ని చేత్తో తిప్పుకోవాల్సిందే.

నికాన్ లెన్సులు బిగించే ఈ ఎఫ్ మౌంట్ కొలతలు 1959 నుంచి మారలేదు. అన్నేళ్ల కింద చెక్కిన గాడిలో కొత్త లెన్స్ టక్కున కూర్చుంటుందంటే, మొదట గీసినవాళ్ల ముందుచూపు ఎంతటిదో చూడండి. ఒక్క జాగ్రత్త, 1977కి ముందు లెన్సుల్ని మార్పు చేయించకుండా డి750కి బిగిస్తే అంచున ఉన్న చిన్న మీట దెబ్బతింటుంది.

ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్లేవాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి. డి90తో వచ్చిన 18-105 లెన్స్ క్రాప్ సెన్సర్ కోసం చేసింది. డి750కి పెడితే సెన్సర్ నడిమి భాగమే వాడుకుంటుంది, 24 మెగాపిక్సెళ్లలో దాదాపు పదే మిగులుతాయి. డి90లోనే పన్నెండు ఉన్నాయి. అంటే బాడీ ధరకి లెన్సుల ధర కూడా కలుపుకోవాలి. అదే నా 50కి మాత్రం ఇల్లు విశాలమైనట్టయింది. డి90 మీద 75లా దగ్గరగా చూసే లెన్స్, ఇప్పుడు పీటల మీది ఇద్దరితో పాటు పక్కన నిలబడ్డ మేనమామని కూడా చూపిస్తోంది.

2020లో డి780, డి6 వచ్చాక నికాన్ నుంచి మరో కొత్త డీఎస్ఎల్ఆర్ రాలేదు. కాబట్టి ఇకమీదట మీరు చూసేవి ఎక్కువగా సెకండ్ హ్యాండ్ బాడీలే. దుకాణానికి వెళ్లేటప్పుడు మీ లెన్సులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. ఒక్కోటీ బిగించి, కిటికీ దగ్గర నిలబెట్టిన మనిషి కంటి మీద ఫోకస్ పెట్టి తీసి, తెర మీద పెద్దది చేసి చూడండి. ఆ ఫొటో ఫైల్‌లోనే షట్టర్ కౌంట్ నమోదై ఉంటుంది, అడిగి చదివించుకోండి. డి750 షట్టర్‌ని పరీక్షించింది లక్షా యాభై వేలకి.