పగటి చందమామ

ప్రార్థన అయిపోయి వరుసలు విడిపోకముందే పిల్లల్ని ఆపాను. "పడమర చూడండి, నీళ్ల ట్యాంకు పైన." కాసేపు ఎవరికీ ఏమీ కనబడలేదు. తర్వాత ఆరో తరగతి పిల్ల ఒకతె చెయ్యి ఎత్తి, "మబ్బు ముక్క కాదు టీచర్, చందమామ!" అని అరిచింది. అప్పుడు పొద్దున తొమ్మిదింపావు. ఆ రోజు బహుళ అష్టమి.

చందమామ పాఠం ఇప్పుడు ఇలాగే మొదలుపెడుతున్నాను. ఒకప్పుడు బోర్డు మీద మొదలుపెట్టేదాన్ని. నడుమ భూమి, చుట్టూ ఎనిమిది చంద్రుళ్లు, ఓ పక్కన సూర్యుడు. పిల్లలు ఆ బొమ్మ చక్కగా వేసేవాళ్లు, మార్కులూ వచ్చేవి. పరీక్షలయ్యాక "చంద్రుడు ఎందుకు తరుగుతాడు?" అని అడిగితే మాత్రం "భూమి నీడ పడుతుంది టీచర్" అనేవాళ్లు. ఏటా అదే జవాబు. కాదని ఎన్నిసార్లు చెప్పినా పోయేది కాదు. గ్రహణమూ, రోజూ తరగడమూ వాళ్ల మనసులో ఒకటిగా అతుక్కుపోయాయి.

అందుకే బంతి పట్టుకున్నాను. తెల్లటి చిన్న ప్లాస్టిక్ బంతి, దానికి గుచ్చిన చీపురుపుల్ల. చీకటి గదిలో బల్బు పెట్టి చూపించమంటారు గానీ, మా తరగతి గది కిటికీలకు రెక్కలే లేవు. ఎండ ఉండగా బల్బెందుకు? సూర్యుణ్ణి నేరుగా చూడొద్దని ముందే గట్టిగా చెప్పి, పిల్లల్ని చంద్రుడి వైపు తిప్పి నిలబెడతాను. చెయ్యి చాచి బంతిని ఆకాశంలో చంద్రుడి పక్కకు తేవాలి, అంతే. ఎండ తగిలిన వైపు బంతి తెల్లగా మెరుస్తుంది, తగలని వైపు మసకగా ఉంటుంది. చంద్రుడు ఎంత సగమో బంతీ అంత సగమే, ఒరిగిన తీరు కూడా అదే. మొదటిసారి చూసిన పిల్లలు మాట్లాడరు. ఒకసారి బంతినీ ఒకసారి చంద్రుణ్ణీ మార్చి మార్చి చూస్తారు.

ఆ రోజు ఒక అబ్బాయి బంతి దించి తన కాళ్ల దగ్గర నీడ చూసుకున్నాడు. "టీచర్, నా నీడ పడమటికి, నేల మీద పడింది. భూమి నీడ కూడా అటే, కిందికే పోవాలి కదా? చంద్రుడేమో పైనున్నాడు." నేనేమీ అనలేదు. మిగతావాళ్లంతా తమ తమ నీడల వైపు చూశారు. పౌర్ణమికి గానీ చంద్రుడు ఆ నీడ దరికి రాడు. వచ్చినా అతని దారి 5 డిగ్రీలు ఒరిగి ఉంటుంది కాబట్టి చాలా నెలలు పైనుంచో కిందనుంచో తప్పుకుపోతాడు. ఈ మాట మర్నాడు చెబితే పిల్లలు ఇట్టే అందుకున్నారు.

2023 ఆగస్టు 23 సాయంత్రం 6.04కు విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగినప్పుడు పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించాం. అది నిజ శ్రావణ శుద్ధ సప్తమి. సగానికి కాస్త తక్కువగా చంద్రుడు దక్షిణాన ఆకాశంలోనే ఉన్నాడు. బయటికి తీసుకెళ్లి, మబ్బుల సందులోనైనా అతని కోసం వెతికించాలని నాకు తోచలేదు. ఆ బాధ ఇంకా ఉంది.

ఇంటి పని కూడా ఇస్తాను. విదియ నుంచి రోజూ పొద్దు గుంకగానే, సూర్యుడు దిగిన చోటినుంచి చంద్రుడి దాకా ఎన్ని పిడికిళ్లో కొలవాలి. చాచిన చేతి చివర పిడికిలి సుమారు 10 డిగ్రీలు. లెక్క రోజుకు ఒక పిడికిలి, ఆపైన కొంచెం చొప్పున పెరుగుతూ పోతుంది. ఒక పిల్ల నోట్సులో అంకె పక్కన తిథి కూడా రాసి ఉంది. వాళ్ల నాయనమ్మ చెప్పిందట. పంచమి నాడు ఐదున్నర పిడికిళ్లు. ఆ రెండు వరుసలూ పక్కపక్కన చూశాక నాకు ఒళ్లు పులకరించింది. సూర్యచంద్రుల ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. ముప్పై తిథులకు 360 డిగ్రీలు, చుట్టు పూర్తి. పంచాంగంలో ఉన్న ఆ కొలతను పదకొండేళ్ల పిల్ల ఉత్త చేత్తో పట్టుకుంది.

దూరం సంగతికి ఫుట్‌బాల్, పెద్ద నిమ్మకాయ చాలు. భూమి ఫుట్‌బాల్ అయితే చంద్రుడు నిమ్మకాయంత. ఎంత దూరంలో పెట్టాలంటే అందరూ జానెడు, మూరెడు అంటారు. నిమ్మకాయతో దాదాపు 22 అడుగులు నడిపిస్తాను. 3,84,400 కిలోమీటర్లంటే ఏమిటో అక్కడ నిలబడ్డవాడికి తెలుస్తుంది.

నోట్సుకు ఒకటే నియమం: చూడనిది రాయకూడదు. మబ్బు పడితే "మబ్బు" అని రాయాలి, మరిచిపోతే "మరిచిపోయాను" అని రాయాలి. నెలాఖరున దిద్దుతుంటే, నీడ సంగతి అడిగిన ఆ అబ్బాయి పుస్తకంలో అమావాస్య గడి దగ్గర ఆగాను. పెన్సిలుతో రెండు ముక్కలు రాశాడు: "వెతికాను, లేడు. సూర్యుడి పక్కనే ఉండుంటాడు."