ఎర్త్ వెతికే చెయ్యి

డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ వెలిగితే ఇప్పుడు ఎవరైనా స్కానర్ తగిలిస్తారు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్, తెరమీద పి0171 అనే కోడ్. సెన్సర్ మార్చెయ్యమనేవాళ్లకి పని అక్కడితో సరి. విజయవాడ ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన ఎలక్ట్రీషియన్‌కి అక్కడే మొదలు. ఇంజన్‌లో పెట్రోలుకు తగినదానికంటే గాలి ఎక్కువైందనే ఆ కోడ్ చెబుతుంది. పగిలింది వాక్యూమ్ పైపా, నీరసించింది ఫ్యూయల్ పంపా అన్నది చెప్పదు.

నాకు ముచ్చటేసేది వాళ్లు ఎర్త్ వెతికే తీరు. మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఇంజన్‌కి ఆనించి సెల్ఫ్ కొట్టమంటారు. అర వోల్టు దాటిందా, ఎర్త్ తీగ దారిలో ఎక్కడో చిలుమో, వదులో ఉన్నట్టే. గీకి బిగిస్తారు. సంబంధం లేనట్టు ఒక్కసారే వెలిగిన లైట్లు ఆరిపోతాయి. కొత్త సామాను ఒక్కటీ పడదు గనక, “గీకినందుకు ఇంతా?” అని బేరమాడే ఆసాములకీ కొదవలేదు. చూపుకి కూలి కట్టడం మనకింకా అలవాటు కాలేదు.

ఎర్ర ఆయిల్ లైటు వెలిగిందని ఫోన్ చేస్తే మాత్రం మీటరూ లేదు, ఆలోచనా లేదు. “ముందు ఇంజన్ ఆపండి సార్, నేనే వస్తా.”