చలిగదిలోని దోసగింజ

కొండవీటి కొండల దిగువన, పల్నాటి మెట్టచేలలో, పత్తి మిరప సాళ్ళ నడుమ ఎవరును విత్తకుండనే మొలచు తీగ యొకటి కలదు. కాయ చిన్నది, లేతలో చేదు, పండిన పిమ్మట పులుపు. ఇదియే బుడమకాయ. దీనిని కోసి యెండబెట్టి ఒరుగులు చేసికొందురు. పప్పులోనికిని ఆవకాయకును వచ్చు పచ్చని దోసకాయ, పండి పగిలి ఘుమఘుమలాడు దోసపండు, వేసవి ఖర్బూజ, ఇవన్నియు బుడమకు దాయాదులే. చూపునకు వేరైనను వృక్షశాస్త్రములో అన్నియు కుకుమిస్ మెలో అను ఒకే జాతి. (కీరదోస, పుచ్చ ఈ జాతిలోనివి కావు.)

ఇట్టి నాటురకములను దాచుట వట్టి ముచ్చట కాదు. 1920 దశకమున కాలిఫోర్నియాలో బూడిదతెగులు ఖర్బూజ తోటలను పాడుచేయగా, అచటివారికి తెగులును తట్టుకొను గుణము భారతదేశపు దోసగింజలలో దొరకినది. ఆ గుణముతో పి.ఎం.ఆర్. 45 అను రకము 1930 దశకమున వెలువడెను.

మనదేశమున విత్తనములను భద్రపరచుటకై జాతీయ వృక్ష జన్యువనరుల సంస్థ 1976లో ఢిల్లీలో ఏర్పడినది. దాని ప్రాంతీయ కేంద్రము హైదరాబాదు రాజేంద్రనగరులో కలదు. దీర్ఘకాలపు నిలువకు గింజలోని తేమను నూటికి అయిదారు పాళ్ళ వరకు దించి, గాలి చొరని సంచిలో మూసి, సున్నకు దిగువ 18 డిగ్రీల సెంటీగ్రేడు చలిలో ఉంచుదురు. తేమ ఒక్కపాలు గాని వేడి 5 డిగ్రీలు గాని తగ్గినచో విత్తు ఆయువు ఇంచుమించు రెట్టింపగునని హారింగ్టన్ అను శాస్త్రజ్ఞుని ఉజ్జాయింపు లెక్క.

ఇంతవరకు మెచ్చుకొనదగినదే. కాని ‘గింజ చలిగదిలో నున్నది గదా, ఇక భయమేమి?’ అను మాట నిలువదు. చలి చావును వాయిదా వేయునే గాని తప్పింపదు. మొలక తగ్గినప్పుడు గింజలను నాటి, క్రొత్త గింజ తీయవలెను. అసలు చిక్కు అక్కడనే. దోసపూల పుప్పొడిని తేనెటీగలు మోయును. దోస, బుడమ, ఖర్బూజ ప్రక్కప్రక్కన నాటినచో ఒకదాని పుప్పొడి మరొకదానికి చేరి సంకరమగును. చిత్రమేమనగా, ఆ యేటి కాయలో ఏ మార్పును కనిపింపదు. గుజ్జు తల్లితీగ సొత్తు. సంకరమంతయు గింజలో దాగి, మరుసటి పైరులో గాని బయటపడదు. ఈలోగా ఆ గింజలు పాతపేరు చీటీతోనే చలిగదికి మరలిపోవును! కావున అర కిలోమీటరు మొదలు కిలోమీటరు వరకు ఎడముంచవలెను. లేదా ముందునాటి సాయంకాలమే మొగ్గలకు సంచులు తొడిగి, తెల్లవారిన పిమ్మట పుప్పొడిని చేతితో అద్దవలెను. బడితోటలో విద్యార్థులు చేసి చూడదగిన పని యిది. ఒకటి రెండు తీగల గింజతో తృప్తిపడినచో రకములోని వైవిధ్యము జారిపోవును.

చీటీలోను లోపమున్నది. అంకె, సేకరించిన చోటు, తేదీ, లాటిన్ పేరు, వీటితో రకము తెలిసినట్లు కాదు. ఊరివారు దాని నేమందురు, ఏ కార్తెలో విత్తుదురు, ఒరుగునకు మంచిదా ఆవకాయకు మంచిదా, కోసిన కాయ ఎన్నాళ్ళు చెడకుండును? ఇవి వ్రాయనిచో, నలుబదియేండ్ల తరువాత సంచి విప్పువానికి చేతిలో మిగులునది అంకె మాత్రమే. ఈ వివరములు తెలిసినవారు వంటయిండ్లలోను చేలగట్లమీదను ఉన్నారు. వారిని అడుగుటకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు.

చలిగదిలో కాలము ఆగును గాని చేనిలో తెగులు ఆగదు. పి.ఎం.ఆర్. 45 వెలువడిన కొలది యేండ్లకే, 1938లో, దానిని లొంగదీయు బూడిదతెగులు తెగ యొకటి కనిపించినది. పూర్వము దాచిన గింజకు ఆ క్రొత్త శత్రువుతో పరిచయముండదు. ఏటేట చేనిలో మొలచు తీగకే ఆ పోరాటము. చలిగదిమీద పెట్టు శ్రద్ధలో సగమైనను చేనిమీద పెట్టకపోవుట అందుకే తప్పు.

బుడమ సంగతి మరింత సున్నితము. విత్తువాడు లేని తీగకు విత్తు దాచువాడును అరుదు. పండిన కాయ రాలి, గింజ రేగడిలో పడినప్పుడే మరుసటి తొలకరికి తీగ లేచును. పూతకు ముందే కలుపుమందు పడిన చేనిలో ఆ యేటి గింజ నేలకు చేరదు.