వదులుగా వేలాడే తాడు

కుక్కకు నడక ఎంత బాగా వచ్చిందో తెలియాలంటే ముందు దాని తాడు చూడాలి. రాజీవ్ రహదారి మీద రద్దీ పెరగకముందే కార్ఖానా కాలనీ సందుల్లో కుక్కల్ని తిప్పేవాళ్లు కనిపిస్తారు. ఎక్కువమంది చేతుల్లో తాడు బిగిసి ఉంటుంది. కుక్క ముందు, మనిషి వెనక. ఎవరో ఒకరి చేతిలో మాత్రం అది హుక్కు దగ్గర కిందికి జారి, ఒంపు తిరిగి, మళ్లీ చేతి దాకా లేస్తుంది. పనితనమంతా ఆ ఒంపులోనే ఉంది.

సామాను కొంచెమే. మెడపట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. అంతకన్నా వదులైతే కుక్క తల వెనక్కి లాక్కుని తప్పించుకుంటుంది, బిగువైతే ఊపిరాడదు. తాడు ఆరడుగులు, నూలుదైతే మేలు. నైలాన్ తాడు జారితే అరచెయ్యి కోసుకుపోతుంది. మరీ లాగే కుక్కకు ఛాతీ మీద రింగు ఉన్న హార్నెస్ వేస్తారు. కుక్క ముందుకు ఉరికితే తాడు దాని భుజాన్ని పక్కకు తిప్పేస్తుంది, లాగిన బలం అక్కరకు రాదు. ఇక నడుముకు చిన్న సంచీ, అందులో శనగగింజంత ముక్కలుగా కోసిన ఉడికించిన కోడి లివర్.

లాగితే పని జరుగుతుంది కాబట్టే కుక్క లాగుతుంది. దాని సహజ నడక మనకన్నా వేగం. గేటు పక్కన ఏదో వాసన తగిలింది, లాగింది, మనం రెండడుగులు వేశాం, వాసన అందింది. ఆ పాఠం చెప్పింది మనమే. పైగా మెడ మీద ఒత్తిడి పడితే ఎదురు లాగడం దాని నైజం. గుంజినకొద్దీ ముందుకే వాలుతుంది. అందుకే మంచి ట్రైనర్ గుంజడు, కసరడు. తాడు బిగియగానే చేతిని పొట్టకు ఆనించి ఉన్నచోటే నిలబడిపోతాడు. "లాగకండి మేడమ్, ఆగండి చాలు" అని యజమానికీ అదే చెబుతాడు. కాసేపటికి కుక్క ఏమైందా అని వెనక్కి చూస్తుంది. ఆ తల తిప్పడంలో తాడు అంగుళం వదులవుతుంది. సరిగ్గా అప్పుడే "యెస్" అంటాడు, ముక్క ఇస్తాడు, నడక సాగుతుంది. ముక్క ఇచ్చే చోటు గమనించాలి: ఎడమ తొడ పక్కన, ప్యాంటు కుట్టు దగ్గర. జీతం ఎక్కడ అందితే కుక్క కొలువు అక్కడే.

ముక్క నోటికి చేరేలోగా కుక్క మళ్లీ అటు తిరిగిపోవచ్చు. మెచ్చుకున్నది ఏ క్షణాన్నో తెలిపేది ఆ "యెస్". మేలు జరిగిన పనినే జంతువు మళ్లీ చేస్తుందని మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పిల్లుల మీద ప్రయోగాలతో చూపాడు. మరో మనస్తత్వవేత్త స్కిన్నర్ దగ్గర పనిచేసిన కెల్లర్, మేరియన్ బ్రెలండ్ దంపతులు 1940ల్లో దాన్ని వృత్తిగా మలిచారు. ఇక్కడి సందులో వినిపించే ఆ ఒక్క మాటలో అంత చదువు ఇమిడి ఉండటం నాకు అబ్బురమే.

పిలిస్తే రావడం ఇంతకన్నా సున్నితమైన పని. ముందు ఇంట్లో గది నుంచి గదికి, తర్వాత డాబా మీద, ఆపైన మైదానంలో ముప్పై అడుగుల తాడుతో నేర్పుతారు. పిలుపు ఒకటే, ఒక్కసారే. పిలిచి, ఎదురెళ్లకుండా నాలుగడుగులు వెనక్కి పరిగెడతారు; కదిలేదాన్ని తరమడం కుక్కకు పుట్టుకతో వచ్చిన సరదా. చేరగానే ఒక చెయ్యి మెడపట్టీ మీద, రెండో చేత్తో ముక్క. తర్వాత, చాలామంది చెయ్యనిది, "పో, ఆడుకో" అని వదిలేస్తారు. ఆట ముగించడానికో స్నానానికో మాత్రమే పిలిస్తే, పిలుపంటే సరదా అయిపోయినట్టేనని కుక్క నాలుగు రోజుల్లో కనిపెట్టేస్తుంది. అందుకే పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు తిరిగి ఆటకే పంపాలి. చాలా ఇళ్లలో పిలిచే గొంతులు వేరు, విసుగులు వేరు. ఈల అయితే ఎవరు ఊదినా ఒకేలా ఉంటుంది, అందులో కోపం వినపడదు.

మొయినాబాద్‌లోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో పోలీసు జాగిలాలను వాటి హ్యాండ్లర్లతో జతగా తయారుచేస్తారు. బాంబుల వాసన పట్టబోయే జాగిలానికైనా ముందు కావలసింది ఈ విధేయతే.

నడకా పిలుపూ కలిసి పరీక్షకొచ్చేది వీధికుక్కలు కాపుకాసే మలుపులో. అక్కడ ట్రైనర్ దూరాన్ని కొలుస్తాడు, కొలబద్ద లివర్ ముక్కే. కుక్క అటు చూస్తూ కూడా ముక్క తింటే ఆ దూరం పనికొస్తుంది. అక్కడే పేరు పెట్టి పిలుస్తాడు, తల తిరగగానే "యెస్" అంటాడు. ముక్క ముట్టుకోకపోతే మరీ దగ్గరికి వచ్చేసినట్టు. అప్పుడు పదడుగులు వెనక్కి వెళ్లి, తాడు వదులయ్యేదాకా ఆగి, మళ్లీ మొదలుపెడతాడు.